తోక తెంచిన వాక్యాలు

జనవరి 9, 1995, సోమవారం

సెలవులు అయిపోయాయి. ఎడారి గాలి మాత్రం అయిపోలేదు. స్టాఫ్‌రూమ్ బల్లల మీద వేలితో పేరు రాసుకోగలిగినంత దుమ్ము. ఆ దుమ్ములోనే మా కొత్త ఇంగ్లీషు సాహిత్య శాఖాధిపతి డోగ్బే, ముప్పై ఒక్క ఏళ్ల మేధావి, తలా ఒక పుస్తకం పంచాడు. దాన్ని పుస్తకం అనడం పుస్తకాలకి అవమానం. నారింజ రంగు అట్ట, ముప్పై రెండు పేజీలు, రెండు పిన్నులు. పేరు 'అలంకారాలు: పరీక్షలో గెలుపు'.

ఇరవై నాలుగేళ్లుగా ఈ బడిలో అలంకారాలు చెబుతున్నది నేను. డోగ్బేకి చెప్పింది కూడా నేనే. 1979లో మూడో బెంచీ, కిటికీ పక్కన, ఎప్పుడూ ఏదో ఒకటి నమిలే నోరు. ఇప్పుడు శాఖ అతనికి ఇచ్చారు. నాకు అక్కర్లేదని నేను ముందే చెప్పాను. అంటే, ఎవరూ అడగలేదు. అడిగితే అదే చెప్పేదాన్ని.

"మేడమ్, మీరు చూసి తప్పులుంటే చెప్పాలి," అన్నాడు రెండు చేతులతో అందిస్తూ.

"తప్పులు ఏరాలంటే మధ్యలో ఒప్పులు కూడా ఉండాలి కదా డోగ్బే."

నవ్వాడు. తిడితే నవ్వే మనిషిని నేనెప్పుడూ నమ్మలేదు.

జనవరి 10

మూడో పేజీ. "'లాగా' అనే మాట ఉంటే ఉపమ, లేకపోతే రూపకం." ఈకలుంటే కోడి, పీకితే కూర అన్నట్టుంది. మూసి పక్కన పడేశాను.

జనవరి 12, గురువారం

పిల్లలు ఆ పుస్తకాన్ని చప్పట్లు కొడుతూ పాడుతున్నారు! నేను గదిలోకి అడుగుపెట్టేసరికి నలభై రెండు గొంతులు అతిశయోక్తి నిర్వచనాన్ని వల వేసేవాళ్ళ పాట బాణీలో అరుస్తున్నాయి. సముద్రం ఒడ్డున అలివి వల లాగుతున్నారేమో అనుకున్నాను.

"ఎవరు నేర్పారు ఈ గోల?"

"డోగ్బే సార్, మేడమ్. ఇలా పాడితే పరీక్షలో మర్చిపోం అంట," అంది యయ్రా. ముందు బెంచీ పిల్ల. ఈ క్లాసులో మెదడున్నది దానికొక్కదానికే. ఆ సంగతి దానికి తెలియడమే ఇబ్బంది.

"సరే. అతిశయోక్తి అంటే ఏంటో పాడకుండా చెప్పు."

"ఉన్నదాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం, మేడమ్."

"ఎందుకు చెప్పాలి అలాగ?"

నోరు తెరిచింది. పాటలో ఆ ముక్క లేదు. కూర్చోమన్నాను. నాకు కలిగిన సంతోషం ఒక ఉపాధ్యాయినికి ఉండాల్సింది కాదు. ఉంది మరి.

జనవరి 14, శనివారం

ఈ రోజు మిగిలిన పేజీలు చదివాను, తప్పులు ఎర్ర సిరాతో గుర్తుపెట్టి సోమవారం అతని బల్ల మీద పెడదామని.

ఏడో పేజీ.

నా వాక్యాలు. నావి. ఉద్యోగంలో చేరిన ఏడాది, 1970లో, నేను నోట్సులో రాసుకుని, ఇన్నేళ్లుగా ప్రతి క్లాసులో బోర్డు మీద రాస్తున్న మూడు ఉదాహరణలు. ఉపమకి: 'ఆయన గొంతు చర్చి గంట లాంటిది, పది ఊళ్ళకి వినపడుతుంది.' రూపకానికి: 'ఆయన మాట దీపస్తంభం, దూరం నుంచే దారి చూపిస్తుంది.' అతిశయోక్తికి: 'ఆయన తెల్లకోటు చూసి మడుగులో కొంగలు సిగ్గుపడ్డాయి.' శుభ్రమైన, గౌరవమైన వాక్యాలు. ఈ తీరంలో చదువుకున్న వాళ్ళలో సగం మందికి కంఠతా వచ్చు.

దొంగతనం ఒక ఎత్తు. దొంగిలించిన వాటికి తోకలు తగిలించాడు!

'ఆయన గొంతు చర్చి గంట లాంటిది, పది ఊళ్ళకి వినపడుతుంది. లోపల చూస్తే వేలాడే నాలుక ఒక్కటే.'

'ఆయన మాట దీపస్తంభం, దూరం నుంచే దారి చూపిస్తుంది. మునిగేవాడికి చెయ్యి మాత్రం అందించదు.'

'ఆయన తెల్లకోటు చూసి మడుగులో కొంగలు సిగ్గుపడ్డాయి. శవం మీది ఇసక అంటుతుందని ఆ కోటు ఒడ్డుకే రాలేదు.'

పైగా శీర్షిక: 'వ్యాజస్తుతి. పొగుడుతున్నట్టు తిట్టడం.' సంతలో చేపలమ్మే ఆడవాళ్ళ భాష. మంచి బట్టకి మసిగుడ్డ కలిపి కుట్టాడు.

మధ్యాహ్నం తినకుండా లేచాను. మొక్కజొన్న అక్ప్లే ముద్ద బెండకాయ పులుసులోనే గట్టిపడిపోయింది.

జనవరి 16, సోమవారం

ప్రధానోపాధ్యాయిని అమెవోర్ దగ్గరికి వెళ్ళాను. బడికి రంగులు వేయించడమే విద్య అనుకునే మనిషి. మేమిద్దరం ఒకే ఏడాది ట్రైనింగ్ అయ్యాం. అప్పట్లో నా నోట్సు చూసి రాసేది.

"జిగ్బోడీ, కూర్చో. మొహం ఎర్రబడింది, నీళ్లు తాగు."

"నీళ్లకి రాలేదు. మీ డోగ్బే దొంగ."

అంతా చెప్పాను. ఆవిడ ఏడో పేజీ తీసి, కళ్ళజోడు పెట్టుకుని, మెల్లగా చదివింది. చదువుతుండగా పెదవి చివర కదిలింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలుసు.

"ఈ తోకలు బాగున్నాయే," అంది.

"అమెవోర్!"

"సరే సరే. చూడు, ఈ పుస్తకాన్ని జిల్లా వాళ్ళు అన్ని బడులకీ అచ్చు వేయిద్దామనుకుంటున్నారు. డోగ్బేకి శాఖ ఇచ్చింది కూడా ఏడాది చూసి ఖాయం చేద్దామనే. నువ్వు కాగితం మీద పెడితే వాళ్ళు విచారణకి వస్తారు. అతను ఉంటాడో ఊడతాడో తెలీదు. ఒకసారి అతన్ని పిలిచి మాట్లాడరాదా?"

"నేను మాట్లాడేది కాగితంతోనే."

"నీకు ఆ పేరు పెట్టిన మీ నాన్నకి దణ్ణం పెట్టాలే తల్లీ," అంది. జిగ్బోడి అంటే ఓర్పు. ఈ హాస్యం ముప్పై ఏళ్లుగా వింటున్నాను. ఎప్పుడూ బాగుండలేదు.

జనవరి 17

ఫిర్యాదు రాసి ఇచ్చాను. ఒక పేజీ. చివరి వాక్యం: 'సదరు మూడు ఉదాహరణలు నా స్వంత సృష్టి అని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.'

జనవరి 18

స్వంత సృష్టి. తప్పేముంది. మన భాషలోది ఇంగ్లీషులోకి తిప్పినవాళ్ళదే ఆ వాక్యం అవుతుంది. ఆ ఇంగ్లీషు నాది.

జనవరి 20, శుక్రవారం

ఆఖరి పీరియడ్‌కి ముందు డోగ్బే నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"మేడమ్, మీ ఫిర్యాదు చూపించారు."

"చదవడం వచ్చు కదా నీకు. ఇంకేం కావాలి?"

"ముందు సగాలు మీ ఇంగ్లీషే, ఒప్పుకుంటాను. ఎన్నిసార్లు తిప్పినా అంతకంటే బాగా నాకు రాలేదు. మీ పేరు వేయాల్సింది. అడుగుదామనుకున్నా, భయపడ్డా. తప్పు నాదే."

"మరి తోకలు?"

"అవి నేను తగిలించినవి కావు మేడమ్. మా ఇంట్లో ఎప్పుడూ ఉన్నవే. మీరు బోర్డు మీద సగం రాసి ఆపిన రోజు నేను మూడో బెంచీలో కూర్చున్నా. మిగతాది ఎప్పుడు రాస్తారా అని చూశా. మీరు తుడిచేశారు."

"మీ ఇంట్లోనా?"

"మా నాయనమ్మ కోకుయి. మిమ్మల్ని ఒకసారి చూడాలంటోంది."

గంట కొట్టారు. క్లాసుకి వెళ్ళాను. ఏం చెప్పానో గుర్తులేదు.

జనవరి 21

గాలి. కళ్ళ నిండా దుమ్ము. పేపర్లు దిద్దలేదు.

జనవరి 22, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపాను. బాగానే ఉంది.

అతనిది సముద్రం వాడ అని తెలుసు. కోకుయి మనవడని తెలీదు. ఆ వాడలో డోగ్బేలు పాతిక కొంపలున్నారు, ఎవరి మనవడు ఎవరో లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం నా పనా?

తెలుసుకుని ఉండాల్సింది.

జనవరి 25, బుధవారం

విచారణ ఫిబ్రవరి 3న. జిల్లా నుంచి ఒక అధికారి వస్తాడట. అమెవోర్ నన్ను గదిలోకి పిలిచి డోగ్బే రాసిచ్చిన జవాబు చూపించింది. రెండు వాక్యాలు. 'ఉదాహరణలు జిగ్బోడి అహోర్లు మేడమ్ నోట్సులోవే. అనుమతి లేకుండా వాడినందుకు క్షమాపణ కోరుతున్నాను.'

తోకల మాట లేదు. కోకుయి మాట లేదు. సముద్రం వాడ మాట లేదు.

"గెలిచావు. ఇంక అతని శాఖ పోయినట్టే. సంతోషమేనా?" అంది అమెవోర్.

సంతోషమా? నన్ను చూసి జాలి పడుతున్నాడు! నిన్నగాక మొన్న పుట్టి, లాగా ఉంటే ఉపమ, లేకపోతే రూపకం అని రాసే మనిషి, నా పరువు కాపాడటానికి తన ఉద్యోగం ఇచ్చేస్తున్నాడు. నేను అడిగానా? ఈ ఊళ్ళో అవమానాలు చాలా చూశాను. ఇంత మర్యాదగా ఎవరూ చేయలేదు.

జనవరి 28, శనివారం

వెళ్ళాను.

సముద్రం వాడలో నేను అడుగుపెట్టి ముప్పై ఏడేళ్లయింది. అప్పటి ఇళ్లు మూడు వరసలు ఇప్పుడు నీళ్లలో ఉన్నాయి. అలలు తగ్గినప్పుడు ఎవరిదో మెట్లు కనిపిస్తాయి. ఆ మెట్ల మీద పిల్లలు గంతులేస్తున్నారు. కోకుయి ఇల్లు ఇప్పుడు ముందు వరసలో ఉంది. వచ్చే ఏడాది ఉండదు.

పొగపొయ్యి ముందు పీట మీద కూర్చుని చేపలు తిరగేస్తోంది. అరవై ఏడేళ్లు ఉంటాయి. ఎండిపోయింది, గొంతు ఒక్కటే ఎండలేదు.

"ఎవరూ?"

"డోగ్బే పనిచేసే బడిలో టీచర్ని, అవ్వా."

"టీచరే గానీ ఎవరి పిల్లవి? ఆ నడక నాకు తెలుసు. నేల మీద కాళ్ళు ఆనితే మురికవుతుందన్నట్టు నడుస్తావు. ఉపదేశి అహోర్లు కూతురివి."

"అవును."

"కూర్చో. ఆ బుట్ట తిరగేసుకుని కూర్చో. నీ గౌను పాడవుతుందిలే, పాడవనీ."

కూర్చున్నాను.

"నా పాటలు బడిలో చెబుతున్నావంట కదా."

"సగం సగం చెప్పాను."

"అదే అడుగుదామనుకున్నా. వాడు పదహారేళ్లప్పుడు వచ్చి, 'నాయనమ్మా, మేడమ్ మన పాట బోర్డు మీద రాసింది, కానీ పొగడ్తలాగా ఉంది' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఉపదేశిని పొగడటమా! మా ఆయన డోట్సే పడవ తిరగబడి పోతే, బాప్టిజం లేదని సమాధుల దొడ్లో చోటివ్వలేదు మీ నాన్న. నేను కాళ్ళు పట్టుకున్నా. గుమ్మం దగ్గర నించుని పుస్తకంలో రూలు కంఠతా వల్లించాడు. ఏం గొంతు! రూలు వల్లిస్తుంటే కూడా గంటలాగే మోగింది. మా వాడ వాళ్ళం ఒడ్డున ఇసకలో పూడ్చాం. అలా పూడ్చి వచ్చాకే తిట్లపాట కట్టా, ఆదివారం ఆదివారం వాడ మధ్యలో డప్పులు పెట్టి పాడా. ఒక్కో మాటా వెతికి, నూరి, పదును పెట్టా. నువ్వేమో పదును విరగ్గొట్టి, పిడి ఒక్కటీ పిల్లల చేతికి ఇచ్చావు."

నేను సంజాయిషీ చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఇంకో మాట చెప్పాలి, అందుకే రమ్మన్నా. మూడో ఆదివారం మీ నాన్న వచ్చాడు, గుర్తుందా? తెల్లకోటు వేసుకుని, కర్ర పట్టుకుని, ఒక్కడే. మా వాడలోకి. అదీ నవ్వుతూ! ముందు వరసలో స్టూలు వేసింది నేనే. ఇంత తిట్లు తినడానికి నవ్వుతూ వచ్చాడే, ఏం గుండె అనుకున్నా. జనం ఈలలేస్తున్నారు. చివరిదాకా విని, లేచి, 'బాగా కట్టావు' అని వెళ్ళాడు. నేను ఎంతమంది మీద పాడానో! పారిపోయినవాళ్ళున్నారు, రాళ్ళేసినవాళ్ళున్నారు. ఎదురుగా కూర్చుని విన్నవాడు ఆయనొక్కడే. ఆయన్ని ఈ రోజుకీ క్షమించను. కానీ ఆ ఒక్క పూటకి మాత్రం నాకు గౌరవం."

నేను చేపలకేసి చూశాను.

"తర్వాత సర్కారు వాళ్ళు తిట్లపాటలు ఆపించేశారు. ఒక వాడ పాడితే రెండో వాడ బదులు పాడాలి కదా, మీ చర్చి వాడ నుంచి బదులు పాట రానే లేదు. ఎంత ఎదురుచూశానో. ఇప్పుడు మా ఆయన్ని పూడ్చిన ఇసకా పోయింది, మీ సమాధుల దొడ్డీ పోయింది. ఇద్దరూ ఒక్క నీళ్లలోనే ఉన్నారు. ఏ రూలు చదువుకుంటున్నారో."

వచ్చేటప్పుడు ఆకులో రెండు చేపలు చుట్టి ఇచ్చింది. తీసుకోకపోతే బాగుండదని తీసుకున్నాను. బాగున్నాయి. ఉప్పు కాస్త ఎక్కువ.

జనవరి 29, ఆదివారం

ముసల్దానికి ఒక సంగతి తెలీదు. రాసేస్తాను, ఇక్కడ ఒక్కచోట.

నాకు పన్నెండేళ్లు. అమ్మ అప్పటికే లేదు. సముద్రం వాడలో డప్పులు మోగుతున్నాయి, తన మీదే పాడుతున్నారని నాన్నకి తెలిసింది. చర్చి వాడకి డప్పు వినపడుతుంది గానీ మాటలు వినపడవు. ఉపదేశి అక్కడికి వెళ్ళి నిలబడితే పరువు పోతుంది. "నువ్వు వెళ్ళు. ఏం పాడుతున్నారో పొల్లు పోకుండా విని వచ్చి చెప్పు," అన్నాడు. ఆయనకి చూపు మందం. ఉత్తరాలు, పేపరు, బైబిలు వాక్యం అన్నీ నేనే చదివి వినిపించేదాన్ని. నా నోరే ఆయన కళ్ళు.

వెళ్ళి జనం వెనక నిలబడి విన్నాను. ఒక్కసారి వింటే నాకు వచ్చేసింది. నిజం చెప్పాలంటే అంత అందమైన మాటలు నేను అంతకుముందు ఎక్కడా వినలేదు. ఇంటికి వచ్చాను. నాన్న కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"చెప్పు."

"'ఆయన గొంతు చర్చి గంట లాంటిది, పది ఊళ్ళకి వినపడుతుంది,' అన్నారు నాన్నా."

"తర్వాత?"

ఆ మొహం చూసి మిగతా సగం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"అంతే నాన్నా."

"అంతేనా!" మొహం విప్పారింది. "ఇంకా?"

దీపస్తంభం చెప్పాను. కొంగలు చెప్పాను. మూడింటికీ తోకలు తెంచాను. నాన్న లేచి గదిలో పచార్లు చేశాడు. "చూశావా? పైకి కోపం ఉన్నా లోపల గౌరవం ఉంది వాళ్ళకి," అన్నాడు. రెండో ఆదివారం మళ్ళీ పంపాడు. మళ్ళీ సగాలే తెచ్చాను. రెండు వారాలు ఆయన గొంతు ఇంకాస్త మోగింది చర్చిలో. మూడో ఆదివారం తెల్లకోటు తీసి ఇస్త్రీ చేయమన్నాడు. "అంత బాగా పాడుతుంటే వెళ్ళకపోవడం మర్యాద కాదు. వెళ్ళి విని, ఆ అమ్మాయిని క్షమించానని చెప్పి వస్తాను."

ఇస్త్రీ చేశాను. నేను చేశాను. ఆపలేదు.

వెనక నేనూ వెళ్ళాను, దూరంగా. స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి సగానికి తల ఊపాడు. తోక వచ్చింది. తల ఆగిపోయింది. చివరిదాకా అలాగే కూర్చున్నాడు. లేచాడు, ఆ మాట ఏదో అన్నాడు, వచ్చేశాడు.

ఇంట్లో ఒక్కటే అడిగాడు. "నీకు పూర్తిగా వినపడలేదా?"

"వినపడింది నాన్నా."

ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. నన్ను ఏదీ చదివి వినిపించమని అడగలేదు. కళ్ళకి భూతద్దం కొనుక్కున్నాడు.

ఆయన పోయిన మరుసటి ఏడాది ఉద్యోగంలో చేరాను. మొదటి రోజు ఉపమకి ఉదాహరణ కావాల్సి వచ్చింది. చెయ్యి దానంతట అదే రాసింది. సగం.

నవ్వుతూ వచ్చాడు, ఏం గుండె, అంటుంది ముసల్ది. ఈ సంగతి ఆమెకి చెప్పలేదు. చెప్పను.

ఫిబ్రవరి 3, శుక్రవారం

అధికారి పదింటికి రావాల్సినవాడు పన్నెండింటికి వచ్చాడు. ట్రోట్రో వ్యాను టైరు పగిలిందట. బూట్ల మీద రెండు జిల్లాల దుమ్ము. ఫైలు తలకిందులుగా పట్టుకుని రెండు నిమిషాలు చదివాడు. ఇతను తీర్పు చెబుతాడు!

"మిస్టర్ డోగ్బే, ఇవి మేడమ్ వాక్యాలే అంటున్నారు, అంతేనా?"

"అవునండీ."

"అయితే విచారించడానికి ఏం లేదు..."

"అబద్ధం," అన్నాను.

అమెవోర్ తల పట్టుకుంది. "జిగ్బోడీ, ఇప్పుడు గెలిచావు కదే. ఊరుకోరాదూ?"

"వీడు అబద్ధం ఆడుతున్నాడు. అదీ సరిగ్గా ఆడలేక ఆడుతున్నాడు. ఈ వాక్యాలు నావి కావు. నా కాగితంలో స్వంత సృష్టి అని రాశాను, అది తప్పుడు మాట. ఇవి సముద్రం వాడ కోకుయి కట్టిన పాటలోవి."

"మేడమ్, వద్దు," అన్నాడు డోగ్బే మెల్లగా.

"నువ్వు నోరు మూసుకో."

"రుజువు ఉందా?" అన్నాడు అధికారి. పాటకి రుజువు ఏముంటుంది? పాడటమే. ఆ మాటే అన్నాను. లేచి నిలబడి పాడాను. నలభై తొమ్మిదేళ్ల వయసులో, ప్రధానోపాధ్యాయిని గదిలో, చేత్తో బల్ల మీద తాళం వేస్తూ. గంట, నాలుక. దీపస్తంభం, మునిగేవాడు. కొంగలు, శవం. తోకలతో సహా. నా గొంతు ఇంత పెద్దదని నాకే తెలీదు. ఆఫీసు గుమాస్తా తలుపు తీసి తొంగి చూశాడు.

అధికారి రాసుకుంటున్నాడు. "ఎవరి మీద కట్టారు ఇది? ఎవరీ 'ఆయన'?"

"మా నాన్న."

కలం ఆగింది. తర్వాత అతను కళ్ళజోడు తీసి, మనిషిలాగా అడిగాడు, "ఇది అచ్చులోకి వెళ్తే మీకు ఫర్వాలేదా అమ్మా?"

"సగం వెళ్తేనే నాకు బాధ. పూర్తిగా వెళ్ళనీండి. కట్టినామె పేరు వేయండి. ఎవరి మీద కట్టిందో ఆ పేరూ వేయండి."

నా ఫిర్యాదు కొట్టేశారు. తప్పుడు ధ్రువీకరణకి నాకు రాతపూర్వకంగా మందలింపు. వాక్యనిర్మాణం బాగాలేదు అందులో, రెండు చోట్ల దిద్ది సంతకం పెట్టాను. డోగ్బే శాఖ డోగ్బేకే.

బయట వరండాలో నిలబడి ఉన్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు, దుమ్ము అని చెప్పాడు.

"మేడమ్, ఎలా చెప్పాలో..."

"చెప్పకు. తోకల ఇంగ్లీషు నాసిరకంగా ఉంది. 'వేలాడే'కి ఆ మాట కాదు. సోమవారం సరిచేసి ఇస్తాను. మూడో పేజీ కూడా తిరిగి రాయి, సిగ్గుగా ఉంది చదవడానికి."

"రాస్తాను మేడమ్."

నవ్వాడు మళ్ళీ.

ఫిబ్రవరి 6, సోమవారం

మూడు వాక్యాలూ పూర్తిగా బోర్డు మీద రాశాను, భర్తని సమాధుల దొడ్లో పూడ్చుకోనివ్వని ఒకాయన మీద కోకుయి కట్టిందని చెప్పి. నలభై రెండు మంది కాపీ చేసుకున్నారు. చివరి బెంచీలో ఒకడికి 'వేలాడే నాలుక' అన్న మాట దగ్గర నవ్వొచ్చింది. ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు.

"ఎవరి మీద మేడమ్ ఇది?" అంది యయ్రా.

"ఉపదేశి అహోర్లు మీద."

"అహోర్లు అంటే మీరు కదా."

"మా నాన్న."

అంతమంది మొహాల్లో అంత భయం నేను బెత్తం పట్టుకున్న రోజుల్లో కూడా చూడలేదు.

"ఏం? బాగాలేదా? వాక్యం బాగుంటే నవ్వాలి. ఇది బాగుంది. నవ్వండి," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆజ్ఞాపిస్తే నవ్వే రకాలు కూడా కాదు వీళ్ళు. అప్పుడు చివరి బెంచీవాడి దగ్గు మళ్ళీ తన్నుకొచ్చింది, ఈసారి దగ్గులా లేదు. పక్కవాడు అందుకున్నాడు. గదంతా పాకింది. నేను బోర్డు వైపు తిరిగాను. తిరిగి నేనూ నవ్వాను. కొంగలు సిగ్గుపడటం ఏమిటి అసలు! ముప్పై ఏడేళ్లు ఆ మాటకి నవ్వాలని నాకు తోచలేదు.

సద్దుమణిగాక యయ్రా చెయ్యెత్తింది.

"మొన్న మీరు అడిగారు కదా మేడమ్, ఉన్నదాన్ని ఎందుకు ఎక్కువ చేసి చెప్పాలని. ఎక్కువ చేయకపోతే ఎవరూ వినరని. వాళ్ళాయన్ని పూడ్చుకోనివ్వలేదు, అది మామూలుగా చెబితే ఎవరు వింటారు?"

పిల్ల రాతలో అక్షరదోషాలు చాలా ఉన్నాయి. ఈ ఒక్కటీ సరిగ్గా చెప్పింది.

"మరి మీ వాడవాళ్ళు తిరిగి ఏం పాడారు మేడమ్?"

"ఏం పాడలేదు."

"అయ్యో," అంది, ఎవరో ఆటలో ఓడిపోయినట్టు.

ఫిబ్రవరి 8

రెండు పాదాలు వచ్చాయి. కొట్టేశాను.

ఫిబ్రవరి 9

మళ్ళీ రాశాను. తిట్టడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లుగా రోజూ చేస్తున్న పనే కదా అనుకున్నాను.

ఫిబ్రవరి 11, శనివారం

కోకుయి పొయ్యి దగ్గర బుట్ట తిరగేసుకుని కూర్చున్నాను. డోగ్బే కూడా ఉన్నాడు, పుల్లలు విరుస్తూ.

"ఏం తెచ్చావు?"

"బదులు పాట. చర్చి వాడ నుంచి."

చేతిలో చేప అలాగే ఆగిపోయింది. తర్వాత పైట సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి, పొయ్యికి అవతల పక్కకి జరిగి, ఎదురుగా కూర్చుంది.

"కానీ."

పాడాను.

'కోకుయి నోరు పొగపొయ్యి, పచ్చిగా వెళ్ళినవాళ్ళు ఎండి బయటికొస్తారు;
మా ఉపదేశిని ముప్పై ఏడేళ్లు పొగబెట్టింది, ఇంకా ఉడకలేదంటుంది;
ఆమె పాట విన్న చెవులకి ఇంకే పాటలూ పట్టవు, అంత పెద్ద రంధ్రం చేసింది చెవులకి;
సముద్రం ఇళ్లన్నీ మింగింది, ఈమెని మాత్రం మింగదు, ఉప్పెక్కువని ఉమ్మేస్తుంది.'

డోగ్బే పుల్ల పట్టుకుని బిగుసుకుపోయాడు. కోకుయి ముందు కదల్లేదు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు దగ్గయి, దగ్గు నవ్వయి, నేల మీద చేత్తో కొడుతూ, కళ్ళ నీళ్లు కారుతూ, "ఉమ్మేస్తుంది! ఒరే, విన్నావా, ఉమ్మేస్తుందంట నన్ను!" అంది. చాలాసేపటికి గాని ఆగలేదు.

ఆగాక, కళ్ళు తుడుచుకుని, "మొదటిది బాగుంది. ఆఖరిది చాలా బాగుంది," అంది. "మూడోది కుంటుతోంది. చెవులు చెవులు అని రెండుసార్లు కొట్టుకున్నావు. పైగా అది తిట్టు కాదు, పొగడ్త. నాకు పొగడ్తలు తేవద్దు. తిరిగి కట్టుకుని రా."

దారంతా గొణుక్కుంటూ వచ్చాను. ఒక్క అక్షరం రాయడం రాని మనిషి. పునరుక్తి గురించి నాకు చెబుతుంది. నాకు! అది కావాలని చేసిన పునరుక్తి అని కూడా తెలీదు. పొగలో కళ్ళు పోయాయి, చెవులు కూడా పోయినట్టున్నాయి. ఈ తీరంలో సాహిత్యం అంటే ఏంటో తెలిసిన మనిషి ఒక్కరు లేరు.

ఫిబ్రవరి 12, ఆదివారం

మూడో పాదం మార్చాను.